ఒక్కసారే అడిగే రేవు

విశాఖపట్నం వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా అనంతపురంలో ప్రతివాడూ అడిగేది ఒకటే: "సముద్రం ఎట్లుండాదప్పా?" అందరికీ కలిపి ఇక్కడే జవాబు చెప్పేస్తున్నాను. ఉప్పగా ఉంది. చాలా ఉంది. అందులో పిసరంత మంచినీళ్ళయి మా జిల్లాకొస్తే బాగుండునని నేనూ అనుకున్నాను, రాలేదు. ఇక సముద్రం సంగతి వదిలేయండి. నేను చెప్పబోయేది మా ఓబులేసు ఉద్యోగం సంగతి. దాన్ని వాడు రెండు ఇంగ్లీషు మాటలతో ఎట్లా పోగొట్టుకున్నాడో, ఆ తర్వాత ఏం జరిగిందో చెబుతాను.

బయలుదేరక ముందు

ఓబులేసూ నేనూ ఎమ్మే చదువుతూ రెండేళ్ళుగా ఒకే గదిలో ఉన్నాం. నాకు బి.ఎడ్. సీటు ఖాయమైంది. వాడికి ఏదీ ఖాయం కాలేదు. ఏదీ కుదరకపోతే గుంతకల్లులో మేనమామ వేరుశెనగ నూనె మిల్లులో గుమాస్తాగా కూర్చోవాలి. వాడికి వేరుశెనగ పొట్టు పడదు. మిల్లు గుమ్మం తొక్కితే చాలు, తుమ్ములు మొదలు. అంతకన్నా పడనిది మామ నోరు. "ఎమ్మే లేదు గిమ్మే లేదు, ఆఖరుకి నా కాడికే వస్తాడు" అని ఆయన ఊరంతా చాటింపు వేసి పెట్టాడు.

అట్లాంటి సమయంలో విశాఖపట్నం రేవులో ఒక ఓడల ఏజెంటు ఆఫీసు నుంచి వాడికి పిలుపొచ్చింది. పని ఏమిటంటే, రేవుకి వచ్చిన విదేశీ ఓడ ఎక్కి, కెప్టెన్ని ఇంగ్లీషులో పలకరించి, ఆయనకేం కావాలో కనుక్కుని రావడం. పలకరించడానికి జీతమిస్తారని తెలిసి మా హాస్టలంతా నవ్వింది. మా ఊళ్ళో ఆ పని ఊరికే చేస్తాం.

పలకరింపులు మాకు కొత్తేమీ కాదు. మా ఇంగ్లీషు మాష్టారు సాయంత్రాలు సంభాషణ తరగతి పెట్టి, ముందు గుడ్ మార్నింగ్, తర్వాత వాతావరణం, ఏదైనా ఇవ్వబోతే నో థాంక్యూ అని వరసగా నేర్పారు. "నో థాంక్యూ అన్నవాణ్ణి చూస్తే దొరలకి గౌరవం" అనేవారు. యెస్ ప్లీజ్ పాఠం దగ్గరికి వచ్చేసరికి పరీక్షలొచ్చాయి. ఆ పాఠం అట్లాగే ఉండిపోయింది.

ఓబులేసు వాళ్ళమ్మ నా చేతులు పట్టుకుంది. "వాని ఎంబడి పో నాయనా. వాడు ఒట్టి మెతక." అట్లా నేను విశాఖపట్నం చూశాను.

రైల్లో

గుంతకల్లు దాటగానే ఎదురు సీట్లో పెద్దావిడ చిత్రాన్నం మూట విప్పింది.

"తిను నాయనా" అంది ఓబులేసుతో.

"వద్దవ్వా."

"రోంత తిను."

"ఇప్పుడే తిన్యానవ్వా." పొద్దుట్నుంచీ వాడి కడుపులో పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ లేవు.

"నువ్వు తినకుంటే నేనూ తిన్ను పో" అని ఆవిడ మూట కట్టబోయింది. అప్పుడు చెయ్యి చాపాడు మా వాడు. ఇది మా పక్క మర్యాద. మొదటిసారి అడిగితే అది పలకరింపు. రెండోసారి అడిగితే అభిమానం. మూడోసారి అడిగితేనే నిజంగా పెడతారని అర్థం. మొదటి మాటకే చెయ్యి చాపితే ఆశపోతు అంటారు. నేను మొదటి మాటకే చాపాను. రెండు ముద్దలు ఎక్కువే దొరికాయి.

వాల్తేరు స్టేషన్

విశాఖపట్నంలో రైలు దిగి నాలుగడుగులు వేసేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మా ఎండ మాడుస్తుంది, వీళ్ళ ఎండ ఉడకబెడుతుంది. బయటికి రాగానే ఒక రిక్షా అతను చేయి ఊపుతూ, "ఏటి బావా, ఎక్కడికెల్తారు?" అన్నాడు.

ఓబులేసు అటూ ఇటూ చూసి నా చెవిలో, "నాకు చెల్లెండ్లు యాడుండారురా?" అన్నాడు. మా ఊళ్ళో ముక్కూ మొహం తెలియనివాణ్ణి అప్పా అంటాం. బావా అనాలంటే మధ్యలో ఒక పెళ్ళయినా జరగాలి. ఇక్కడ పెళ్ళి అక్కర్లేదు. బస్సు కండక్టరు బావా అన్నాడు, టీ కొట్టతను బావా అన్నాడు. పావలా టీ తాగి లేచేసరికి మాకు ఊరినిండా బంధువులే.

మల్కాపురం బస్సులో మా పక్కన తలపాగా చుట్టుకున్న ఒక రైతు కూర్చున్నాడు. సాయంత్రం పొద్దు వాలుతోంది. ఆయన మమ్మల్ని చూసి దండం పెట్టి, "గుడ్ మార్నింగ్ బావా" అన్నాడు.

"సాయంత్రమైంది కదప్పా" అన్నాడు ఓబులేసు.

"అయితే అవనీ. మా బూములు ఉక్కు ఫేక్టరీకెల్లిపోనాయి. ఉజ్జోగం ఇత్తారంట. ఆపీసరొస్తే గుడ్ మార్నింగ్ సెప్పాలంట కదా, అలవాటు సేత్తన్నాను. ఆడు ఏ యేలకొస్తాడో నాకేటి తెలుసు?"

ఓబులేసు ఊరుకుంటాడా? గుడ్ ఈవెనింగ్ నేర్పబోయాడు. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "ఒకటి సాలు బావా. రొండోది నేర్సుకుంటే మొదటిది మర్సిపోతాను."

మల్కాపురం

మా అక్కతో నర్సు ట్రైనింగు చేసిన మార్తమ్మక్క ఇంట్లో దిగాం. ఆవిడ మొగుడు దానియేలు బావ (ఇంతలోనే నాకూ అలవాటైంది) రేవులో క్రేను నడుపుతాడు. చిన్న ఇల్లు, చమురు కంపెనీ వాసన, పక్క వీధిలోంచి చేపల వాసన. ఈ రెండూ కలిస్తే ఆకలి చస్తుందనుకున్నాను. చావలేదు.

కంచాల్లో అన్నం పొగలు కక్కుతోంది. తినబోతే దానియేలు బావ కళ్ళు మూసుకున్నాడు. మేమూ మూసుకున్నాం. అన్నానికి స్తోత్రం చెప్పి, అదే ఊపులో, "తండ్రీ, ఈ అనంతపురం గుంటడికి రేపు ఆ ఉజ్జోగం వొచ్చీసేలాగ సెయ్యి. పాపం ఆడికి తుమ్ములంట" అన్నాడు. మార్తమ్మక్కకి నేను రాసిన ఉత్తరంలో మిల్లు సంగతి కాస్త వివరంగానే రాశాను. ఓబులేసు ఒక కన్ను తెరిచి నా వైపు చూశాడు.

మార్తమ్మక్క పీతల పులుసు గరిటెతో వచ్చింది. ఓబులేసు కంచానికి చేయి అడ్డం పెట్టి, "వద్దక్కా" అన్నాడు.

"ఏటి, ఒద్దా? నాను నిన్నడిగినానేటి?" అంటూ వాడి వేళ్ళ సందుల్లోంచే పోసేసింది. "సెయ్యి తీసీ, కాలుద్ది."

ఈ పక్క ఇళ్ళలో మూడుసార్లు అడిగే గొడవే లేదు. అసలు అడగరు, వడ్డించేస్తారు. వాడు వద్దంటూనే రెండు పీతలు, పిడికెడు రొయ్యలు, కొండంత అన్నం తిన్నాడు. మర్యాదా నిలిచింది, కడుపూ నిండింది. "ఈ ఊరు నాకు సరిపోతుందిరా" అన్నాడు చేయి కడుక్కుంటూ. మరి రేవులో వడ్డించేది మార్తమ్మక్క కాదు కదా.

రేవు

మర్నాడు పొద్దున్నే ఏజెంటు ఆఫీసుకి వెళ్ళాం. మేనేజరు నాయుడు గారు తెల్ల ప్యాంటూ తెల్ల చొక్కాతో గంభీరంగా ఉన్నారు. ఆఫీసులోనూ ఓడ మీదా ఆయన తెలుగు ముక్క మాట్లాడరు. ఇంటర్వ్యూ అని కుర్చీలో కూర్చోబెట్టలేదు. "ఓడ మీదే చూస్తాను" అన్నారు ఇంగ్లీషులో. నా మొహం చూసి జాలిపడి నాక్కూడా పాసు రాయించారు.

ఇనుప ఖనిజం ఎక్కించుకుంటున్న గ్రీకు ఓడ అది. ఎటు చూసినా ఎర్రటి దుమ్ము. ఊగే నిచ్చెన మెట్లెక్కి పైకి చేరేసరికి ఓబులేసు తెల్ల చొక్కా మా ఊరి నేల రంగుకొచ్చింది. కెప్టెను తెల్ల గడ్డం ముసలాయన. ఓబులేసు నిటారుగా నిలబడి, గుడ్ మార్నింగ్ నుంచి ప్రయాణం సుఖంగా జరిగిందా అనేదాకా మాష్టారు నేర్పిన వరస తప్పకుండా ఒప్పగించాడు. అంత పొడుగు పలకరింపు ఆయనెప్పుడూ విన్నట్టు లేదు. "గుడ్, గుడ్. సిట్. కాఫీ?" అన్నాడు.

"నో, థాంక్యూ సార్" అన్నాడు ఓబులేసు, గౌరవంగా.

కెప్టెను సరేనని తల ఊపి కప్పు వెనక్కి పంపేశాడు. ఓబులేసు చూపు ఆ కప్పు వెంటే తలుపు దాకా వెళ్ళింది. బిస్కెట్ల పళ్ళెం వచ్చింది. "నో, థాంక్యూ సార్." పళ్ళెం నా వైపు తిరిగింది. నేను కాఫీ తాగాను, బిస్కెట్లు తిన్నాను, ఉసిరికాయలనుకుని ఆకుపచ్చ ఆలివ్ కాయలు కూడా తిన్నాను. ఎవరో ఊరగాయ పెడుతూ కారం వెయ్యడం మరిచిపోయినట్టున్నాయి. అయినా నాలుగు తిన్నాను.

తర్వాత వాతావరణం. "హాట్, ఎహ్?" అన్నాడు కెప్టెను. దొరలైతే అవునని నవ్వి ఊరుకుంటారు. కానీ అనంతపురం వాడితో వాన గురించి ఎత్తకూడదు. మాకది కాలక్షేపం కబురు కాదు. ఓబులేసు కంఠస్థం చేసినదంతా మరిచిపోయి, తడబడే సొంత ఇంగ్లీషులో, రెండేళ్ళుగా వాన లేక వేరుశెనగ చేలు ఎట్లా ఎండిపోయాయో, బావి ఎంత లోతు తవ్వినా ఎట్లా రాయే తగిలిందో చెప్పుకుంటూ పోయాడు. నాయుడు గారు గడియారం చూసుకున్నారు. కెప్టెను మాత్రం ముందుకు వంగాడు. "మై ఐలాండ్, సేమ్. నో రెయిన్" అన్నాడు. తన దీవిలో తండ్రి తవ్విన బావి గురించి ఆయనా మొదలుపెట్టాడు. మేం దిగేటప్పుడు ఓబులేసు భుజం తట్టి నాయుడు గారితో, "గుడ్ బాయ్. సెండ్ హిమ్ ఎగైన్" అన్నాడు.

నిచ్చెన దిగి గట్టు మీదికొచ్చాం. జీపు ఎక్కబోతూ నాయుడు గారు ఇటు తిరిగి, సోమవారం నుంచి మాతో పనిచేయడం మీకిష్టమేనా అని ఇంగ్లీషులో అడిగారు.

అక్కడ వాడికేం పుట్టిందో దేవుడికే తెలియాలి. చేతులు కట్టుకుని, తల వంచి, చిరునవ్వుతో, "నో, థాంక్యూ సార్" అన్నాడు.

నా నోట్లో కెప్టెను బిస్కెట్టు. నాయుడు గారు వాడి మొహం కేసి ఒక క్షణం చూశారు. "ఆల్ రైట్. గుడ్ డే" అన్నారు. వాడు చిరునవ్వుతోనే నిలబడ్డాడు, రెండోసారి అడుగుతారని. ఆయన నా వైపు తిరిగి ఇంగ్లీషులోనే అడిగారు. "మరి మీరు? ఓడ మీద తినగలిగినవాడే మాక్కావాలి." నేను మింగి, నాకు బి.ఎడ్. ఉంది సార్, వద్దన్నాను. "ఆలోచించుకోండి" అని ఆయన మళ్ళీ అడిగారు. నిజంగా అక్కర్లేనివాణ్ణి రెండుసార్లు అడిగారు చూడండి, ఎక్కడైనా ఉందా?

"సార్, వాడికి కావాల సార్!" అని అరిచాను.

"హి హాజ్ ఎ టంగ్" అన్నారు ఆయన. జీపు పోయింది. ఎర్ర దుమ్ము మా ఇద్దరి మీదా పడింది.

"ఏంరా, అట్లన్యావు?" అన్నాను.

"మొదటిసారే సరే అంటే ఏమనుకుంటారురా?" అన్నాడు ఓబులేసు. తర్వాత వాడి మొహం ఒక్కసారిగా పాలిపోయింది. "పాయ కదరా" అంటూ గట్టు మీద కూలబడ్డాడు. నవ్వాలనే ఉంది నాకు. వాణ్ణి చూస్తే నవ్వు రాలేదు.

శనివారం కంచం

సంగతి విని మార్తమ్మక్క నెత్తి కొట్టుకుంది. దానియేలు బావ మాత్రం విషయం తెలిసినవాడు. "ఓడోల్లు రొండోసారి అడగరు బావా. ఒద్దంటే ఒద్దే. కేప్టెను కాఫీ ఇస్తే తాగాలి, లేకపోతే ఆడికి కోపం. ఈ ఉజ్జోగంలో సగం అదే. నాయుడు గారిది తగరపువలస. ఆదివారం ఇంటికాడ ఉంటారు. ఎల్లి నోరు తెరిసి అడుగు."

"ముందు నోరు తెరవడం నేర్పాలి" అంది మార్తమ్మక్క. ఆ మధ్యాహ్నం ఆవిడ పద్ధతి మార్చేసింది. వంజరం వేపుడు పళ్ళెం పట్టుకొచ్చి, జన్మలో మొదటిసారి అతిథిని అడిగింది.

"సేప ముక్క కావాలా?"

"వద్దులే అక్కా..." అన్నాడు అలవాటుగా.

పళ్ళెం నా వైపు వచ్చేసింది. వాడు చూస్తుండగా నాకు మూడు ముక్కలు పడ్డాయి. తర్వాత పులుసు, తర్వాత పెరుగు. వాడు అన్నిటికీ వద్దన్నాడు, అన్నీ పోయాయి. ఉత్తన్నంలో ఉప్పు కలుపుకుంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మార్తమ్మక్కకీ కన్నీళ్ళొచ్చాయి. ఒక మనిషి ఆవిడ ఇంట్లో ఉత్తన్నం తినడం అదే మొదలనుకుంటాను. అయినా గరిటె కదపలేదు మహాతల్లి. ఆఖరున మిగిలిన ఒక్క ముక్కా ఎత్తి పట్టుకుంది.

"కావాలా, ఒద్దా? ఒక్కసారే అడుగుతాను."

"కావాల!" అని అరిచాడు ఓబులేసు. పక్కింటివాళ్ళు కిటికీలోంచి తొంగి చూశారు.

తగరపువలస

ఆదివారం మార్తమ్మక్కా దానియేలు బావా చర్చికి వెళ్ళారు, మేం బస్సెక్కాం. ఆనందపురం దగ్గర బస్సు ఆగితే పనసపళ్ళు బస్తాల్లా పడేసి అమ్ముతున్నారు. మా పక్క పనస తొనల్ని లెక్కపెట్టి కొంటాం, ఇక్కడ కాయలే దొర్లించుకుపోతున్నారు. ఓబులేసు అవేవీ చూడలేదు. దారి పొడుగునా పెదవులు కదుపుతూనే ఉన్నాడు. జపం చేసుకుంటున్నాడనుకుని ముందు సీటావిడ దండం పెట్టింది.

నాయుడు గారి ఇంటి అరుగు మీద వాళ్ళమ్మ చింతపండు గింజలు తీస్తోంది. మేమెవరమో, ఎక్కడినుంచి వచ్చామో కనుక్కుంది. "ఆడు పడుకున్నాడు. అన్నం తింతారా నాన్నా?" అంది.

"తింటానవ్వా" అన్నాడు ఓబులేసు, ఆవిడ నోరు మూయకముందే. ముసలావిడ మురిసిపోయింది. పప్పూ, వంకాయ కూరా, ఆవ పెట్టిన పులిహోరా వాడి చేత కడుపు పట్టనంత తినిపించింది. నేను ఎప్పటిలాగే తిన్నాను.

నాయుడు గారు లుంగీ సర్దుకుంటూ వచ్చారు. ఇంటి దగ్గర ఆ మనిషే వేరు. "ఏటి బాబూ, ఇలగొచ్చావు?"

ఓబులేసు లేచి నిలబడ్డాడు. "సార్, నాకు ఆ ఉద్యోగం కావాల."

"ఒద్దన్నావు కదా."

"కావాల సార్."

"ఒద్దన్నోడికి ఉజ్జోగమేటి? రేపు పేపర్లో ఏయిద్దామనుకుంతన్నాను."

వాడిక కూర్చుంటాడేమో అనుకున్నాను, కూర్చోలేదు. "మా పక్క మొదటిసారే సరే అంటే ఆశపోతు అంటారు సార్. మీరు ఇంకోసారి అడుగుతారని కాసుకోనుంటి. మీరడగల్యా. అందుకే నేనే అడుగుతాండా. ఆ ఉద్యోగం నాకియ్యండి సార్."

అరుగు మీంచి నాయుడు గారి అమ్మ అంది, చింతపండు మీంచి తలెత్తకుండా. "అడగందే అమ్మైనా ఎట్టదంతారు. ఈ గుంటడు మూడుసార్లడిగినాడు. మరింకేటిరా నీ బెట్టు?"

ఆయన పెదవి చివర కదిలింది. లోపలికి కేకేసి పనసతొనలు తెప్పించారు. "తింతావా?"

ఓబులేసు కడుపు చూసుకున్నాడు. "తింటా సార్." తిన్నాడు.

"కాఫీ?"

"తాగుతా సార్." తాగాడు. కళ్ళు తేలేశాడు.

"బూరెలున్నాయి."

"తింటా సార్" అన్నాడు, ఉరికంబం ఎక్కేవాడి గొంతుతో. నేను వాడి వీపు నిమిరాను.

"రేపు ఎనిమిదికి వస్తావా?"

"వస్తా సార్!"

నాయుడు గారు విరగబడి నవ్వారు. మేం బస్టాండు దాకా నడవలేక ఎడ్లబండి ఎక్కాం. దారిలో ఓబులేసు ఏడ్చాడు. సంతోషమో బూరెలో నేనడగలేదు.

తిరుగు బండి

సోమవారం సాయంత్రం నేనొక్కణ్ణే బయలుదేరాను. ఓబులేసు నేరుగా పని నుంచి స్టేషనుకి వచ్చాడు, చొక్కా నిండా ఎర్ర దుమ్ముతో. ఆ రోజు రెండు ఓడలెక్కాడట. ఒకదాని మీద తాగినదేమిటో వాడికి ఇప్పటికీ తెలియదట, తాగానని మాత్రం తెలుసట.

బండి కదిలే ముందు, "దారిలో తినేదానికి అరటిపండ్లు తెచ్చేదా?" అన్నాడు.

నాకు ఆకలిగానే ఉంది. కానీ వాడికింకా జీతం రాలేదు, జేబు సంగతి నాకు తెలుసు. "వద్దులేరా" అన్నాను.

"ఆల్ రైట్" అన్నాడు ఓబులేసు, నవ్వుతూ.

కిటికీ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. నేను ఆగాను. రెండేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. వాళ్ళమ్మ పంపిన ఉప్పుచెక్క ఒక్కటి మిగిలినా, నేను వద్దంటే నోట్లో కుక్కేదాకా వదలని మనిషి. బండి కదిలింది. వాడు పక్కనే నాలుగడుగులు నడిచి చేయి ఊపాడు, "హావ్ ఎ ప్లెజెంట్ జర్నీ!"

సామర్లకోట దాకా ఆకలితో వచ్చాను. తలుచుకుంటే నవ్వొచ్చింది, వెనువెంటనే ఏడుపూ వచ్చింది. ఇక ఆ ఊళ్ళో వాడికి ఏ ఢోకా లేదు. నన్నే ఇకమీదట రెండోసారి అడిగేవాడు లేడు.